వెనకున్న విమానం

విమానానికి అద్దాలుండవని తెలిసిన రోజు రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు.

అమలాపురం డిపోలో ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి. సీట్లో కూర్చోగానే ముందు కుడి అద్దం, తర్వాత ఎడమ అద్దం, ఆ తర్వాతే తాళం. ఆయన కొడుకు అరిజోనాలో విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. అన్నం తింటూ మాటవరసకి, "మా సెస్నాలో వెనకేముందో సరిగ్గా కనపడదు నాన్నా" అన్నాడు.

"అద్దాలెట్టించుకోవచ్చు కదరా?"

"ఉండవు."

"మరి వెనకనించి ఎవడైనా వచ్చేత్తే?"

"వాడు మనల్ని చూసుకుంటాడు."

"చూసుకోపోతే?"

కుర్రాడు ఆవకాయ కలుపుకోవడంలో పడ్డాడు.

వాడి చదువు కోసం బైపాస్ రోడ్డుకి ఆనుకునున్న అరెకరం కొబ్బరితోట అమ్మేశాడాయన. అమ్మినందుకు బాధ లేదు. అమ్మిన తోట గాల్లో ఎలా తిరుగుతోందో ఒకసారి చూసిపోదామని ఫీనిక్స్ వచ్చాడు. అమెరికా వచ్చిన ప్రతి తండ్రిలాగే గ్రాండ్ కాన్యన్ చూశాడు, గుడి చూశాడు, కాస్ట్‌కో చూశాడు. ఆ మూడూ అయ్యాక ఊరి చివర కొడుకు ఎగిరే చిన్న విమానాశ్రయం కంచె పక్కన, ఒక బల్ల మీద స్థిరపడ్డాడు. టవరు మాటలు వినిపించే చిన్న రేడియో కొడుకు కొనిచ్చాడు. అక్కడ అది వినడం నేరం కాదు. మొదటి వారం గరగర తప్ప ఏమీ అర్థం కాలేదు. రెండో వారానికి కొడుకు గొంతు పోల్చుకున్నాడు. మూడో వారానికి "నంబర్ టూ" అంటే వరసలో రెండోవాడని, "గో ఎరౌండ్" అంటే దిగకుండా మళ్లీ లేచిపొమ్మని పట్టేశాడు.

ఆయన భయానికి పాత కారణం ఇంకొకటుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఊడ్చేసింది. కొబ్బరిచెట్లు రోడ్లకడ్డంగా పడి బస్సులు డిపో దాటలేదు. డ్యూటీల్లేని డ్రైవర్లు దొరికిన పేపర్ని వంతులేసుకుని చదువుకుంటున్నారు. వారం తిరక్కుండా ఢిల్లీ వైపు నించి ఇంకో వార్త. 12వ తారీఖు సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద, ఆకాశంలో, ఢిల్లీ నుంచి లేచిన సౌదీ బోయింగూ ఢిల్లీలో దిగబోతున్న కజకిస్తాన్ ఇల్యూషినూ గుద్దుకున్నాయి. రెండింట్లో కలిపి 349 మంది. ఒక్క ప్రాణం మిగల్లేదు. సౌదీ విమానాన్ని 14,000 అడుగుల దగ్గర ఉండమన్నారు, కజక్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర. ఎదురుగా బోయింగు వస్తోంది, కనిపించగానే చెప్పండని కంట్రోలర్ కజక్ సిబ్బందికి చెప్పాడు కూడా. వాళ్లు 15,000 దగ్గర నిలవలేదు. దిగిపోయారు.

"ఇచ్చిన లైన్లో ఉండలేదండి ఆడు" అని అప్పట్లో డిపోలో తీర్పు చెప్పినవాడు ఈయనే. ఆ ప్రమాదం తర్వాత మన గగనతలంలో తిరిగే పెద్ద విమానాలకి, ఎదుటి విమానం దగ్గరకొస్తే హెచ్చరించే యంత్రం తప్పనిసరి చేశారు. ఆ సంగతి కొడుకు చెప్పగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"మరి మీ చిన్నవాటికి లేదేటి ఆ యంత్రం?"

"అలాంటిది లేదు గానీ, జేబులో పట్టే రిసీవర్ ఒకటుంది నాన్నా. నాలుగొందల డాలర్లు. టాబ్లెట్‌కి కలుపుకుంటే చుట్టూ ఉన్న విమానాలన్నీ తెర మీద కనిపిస్తాయి."

"వెనకవి కూడానా?"

"వెనకవి కూడా."

"కొనెయ్."

నాలుగొందల డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకోకుండా ఆయన అమెరికాలో కొన్న వస్తువు అదొక్కటే.

ఇన్‌స్ట్రక్టరమ్మకి మాత్రం ఆ పెట్టె అంతగా నచ్చలేదు. అరవై దాటిన ఆవిడ, చాలామంది కుర్రాళ్లని గాల్లోకి తోసింది. ఆవిడ పాఠమంతా కిటికీ చుట్టూనే తిరుగుతుంది. చూపుని ఆకాశమంతా ఊడ్చినట్టు తిప్పితే ఏమీ కనపడదు. పది డిగ్రీలు జరిపి ఒక సెకను ఆపు, మళ్లీ పది డిగ్రీలు జరుపు. సెస్నాకి రెక్క నెత్తి మీదుంటుంది. ఎటు తిరుగుతావో అటు రెక్క కిందికి వాలి, సరిగ్గా నువ్వు చూడాల్సిన చోటునే కప్పేస్తుంది కాబట్టి తిరిగే ముందు రెక్కెత్తి చూడు. కిటికీ అద్దంలో కదులుతూ పోయే విమానంతో పేచీ లేదు. అద్దంలో ఒకేచోట నిలబడి, పెద్దదవుతూ ఉండేదే నిన్ను గుద్దేది.

ఈ చివరి మాటని కొడుకు తండ్రికి అనువదించి చెప్పినప్పుడు ఆయన తలూపాడు. రావులపాలెం దగ్గర హైవే ఎక్కిన ప్రతి డ్రైవరుకీ అది తెలిసిన విషయమే.

కొడుక్కి కిటికీ కంటే రేడియో ఇష్టం. మంచి గొంతు వాడిది. టవరు చెప్పినదాన్ని ముక్క పోకుండా తిరిగి అప్పజెప్పి చివర తన విమానం నంబరు చెప్పడంలో ఆ బడి మొత్తానికి వాడి తర్వాతే ఎవరైనా. మొదట్లో పిలిచినప్పుడల్లా "స్టూడెంట్ పైలట్" అని కలిపి చెప్పేవాడు. అలా చెబితే కంట్రోలర్ కాస్త నెమ్మదిగా మాట్లాడతాడు, నాలుగు ఆదేశాలు ఒక్క ఊపిరిలో గుప్పించడు. అమెరికా పైలట్ల మాన్యువల్ కూడా నేర్చుకునేవాళ్లని అలాగే చెప్పమంటుంది. మావాడు రెండు నెలలకే ఆ రెండు మాటలూ వదిలేశాడు. తొమ్మిదో క్లాసుకొచ్చాక నాన్న చెయ్యి పట్టుకుని బడికెళ్లడం ఎవరికి ఇష్టం?

టవరుందంటే అంతా టవరే చూసుకుంటుందని బయటివాళ్లు అనుకుంటారు. రన్‌వే మీదికి ఒకరి తర్వాత ఒకర్ని పంపడం దాని పని. అలాంటి చిన్న విమానాశ్రయాల చుట్టూ, కంటిచూపు మీద ఎగిరే విమానాలకి అది వరస చెబుతుంది, ఎవరెక్కడున్నారో చెబుతుంది. ఒకర్నొకరు తగలకుండా ఉండటం మాత్రం పైలట్ల కళ్ల పనే. అందుకే "నీ ముందు ఫలానా విమానం ఉంది, కనిపించిందా?" అని టవరు అడిగితే చెల్లే జవాబులు రెండే. కనిపించింది, లేదా కనిపించలేదు. తెర మీద కనిపించిందంటే ఆ జవాబు చెల్లదు.

బుధవారం పెట్టె వచ్చింది. ఆ రోజు 527 నంబరు సెస్నాలో ఇన్‌స్ట్రక్టరమ్మ పక్కన కూర్చుని గంటసేపు ఎగిరొచ్చిన కొడుకు, వంటింటి బల్ల మీద టాబ్లెట్ ఆనించి తండ్రికి పాఠం మొదలెట్టాడు.

"2020 జనవరి 1 నించి ఇక్కడ పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టుపక్కల తిరిగే విమానాలు దాదాపు అన్నీ, నేనిక్కడున్నాను, ఇంత ఎత్తులో ఉన్నాను అని సెకనుకోసారి రేడియోలో చాటుకుంటూ పోవాలి నాన్నా. ఏడీఎస్-బీ అంటారు. ఈ పెట్టె అవన్నీ విని బొమ్మ గీస్తుంది."

"మరి నీ విమానం కూడా చాటుద్ది కదా. నిన్ను కూడా గీసేత్తదేమో?"

ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడి ప్రశ్న అది. కొడుకు మెచ్చుకోలుగా చూశాడు. "అందుకే ముందే మన నంబరు ఇచ్చేస్తాం. ఆ నంబరు నాదని దానికి తెలుసు కాబట్టి దాన్ని వదిలేసి మిగతావాళ్లనే చూపిస్తుంది."

గురువారం పొద్దున ఆయన ఇద్దరికి పెరుగన్నం కట్టాడు. కొడుక్కొకటి, కొడుకుతో గది పంచుకునే వరంగల్ కుర్రాడికొకటి. వరంగలబ్బాయి ముందే వెళ్లిపోయాడు. మావాడిది ఆ రోజు సోలో. పక్కన ఎవరూ ఉండరు. బడి గోడ మీది తాళాల్లోంచి 618 తీసుకున్నాడు.

పదిన్నరకి బల్ల మీద కూర్చున్నాయన చెవికి రేడియో ఆనించుకుని తలెత్తి చూస్తున్నాడు. 618 రెండుసార్లు చక్రాలు తాకించి లేచింది. మూడోసారి రన్‌వేకి సమాంతరంగా, వెయ్యి అడుగుల ఎత్తులో, వచ్చిన దారికి వ్యతిరేకంగా వెళుతోంది. దానికి ముందు ఇంకో సెస్నా, కొంచెం కిందుగా, అప్పుడే రన్‌వే వైపు మలుపు తిరుగుతోంది. గాల్లో ఆ వైపున్నవి ఆ రెండే. లెక్కపెట్టడానికి వేళ్లు కూడా అక్కర్లేదు.

టవరంది: "618, నువ్వు నంబర్ టూ. ముందు సెస్నా ఉంది, దాని వెనకే రా. కనిపిస్తే చెప్పు."

కొడుకు టాబ్లెట్ చూశాడు. ముందు ఏమీ లేదు. వెనక మాత్రం, సరిగ్గా తన బొమ్మ తోకకి అంటుకుని, తనంత ఎత్తులోనే, ఒక విమానం.

"వెతుకుతున్నాను, 618," అన్నాడు. వెంటనే, "టవర్, నా వెనక ఎవరో చాలా దగ్గరగా ఉన్నారు. ఏం చేయాలనుకుంటున్నారు?"

"618, నీ వెనక ఎవరూ లేరు. నీ విమానం ముందుంది. ఎడమ ముందు వైపు, ఒక మైలు."

కుర్రాడు కిటికీలోంచి ఒక్కసారి చూశాడు. కిందుగా ఉన్న తెల్ల విమానం, ఇళ్ల కప్పుల మీదుగా పోతుంటే, ఒక్క చూపుకి దొరకదు. మళ్లీ తెర చూశాడు. వెనకవాడు కదల్లేదు. వాడు ఇంకా దగ్గరైనట్టున్నాడు.

"టవర్, ముందు ఎవరూ లేరు. వెనకే ఉన్నాడు. నా ఎత్తులోనే ఉన్నాడు."

బల్ల మీదాయన లేచి నిలబడ్డాడు. వెనక్కి చూశాడు. అరిజోనా ఆకాశంలో ఆ పూట మబ్బు తునకైనా లేదు, ఇక విమానమెక్కడిది? ముందు చూశాడు. రెండో సెస్నా రన్‌వేకి ఎదురుగా వచ్చి దిగుతోంది. కొడుకు మాత్రం వెనకవాణ్ణి తప్పించుకోవాలని, ఇంకా ముందుకెళ్లి తిరగాల్సినవాడు, అక్కడే ఎడమకి తిరిగేశాడు. తిరిగితే వెళ్లేది ఎక్కడికి? ఆ రెండోదాని నెత్తి మీదికి.

"ఒరేయ్! ముందున్నాడ్రా! ముందు!" అని కంచె పట్టుకుని అరిచాడాయన. పక్క బల్ల మీద శాండ్‌విచ్ తింటున్న దొరసాని ఉలిక్కిపడింది.

అదే క్షణంలో టవరు కూడా ఇంచుమించు అదే మాట అంది, ఇంగ్లీషులో, ఇంకాస్త మర్యాదగా. "618, వెంటనే కుడికి తిరుగు, పైకెక్కు! వెంటనే!"

కుర్రాడు తిరిగాడు. అంత కంగారులోనూ చెప్పింది తు.చ. తప్పకుండా అప్పజెప్పాడు, చివర నంబరుతో సహా. తెర మీది విమానం కూడా తిరిగింది. వాడు రెండొందల అడుగులు ఎక్కితే అదీ ఎక్కింది. దూరంగా వెళ్లి చక్కర్లు కొడితే అదీ కొట్టింది. భయం పోయి కోపం వచ్చింది వాడికి. ఎవడో పొగరుబోతు, కావాలని వెంటపడుతున్నాడు, టవరేమో వాణ్ణి వెనకేసుకొస్తోంది. సాక్ష్యం ఉండాలని తెరని ఫొటో తీసుకుని టాబ్లెట్ ఆపేశాడు. టాబ్లెట్ ఆపాక విచిత్రంగా దిగడం చాలా తేలికైంది. దాని గురించి అప్పుడు ఆలోచించలేదు.

బడి ఆఫీసులోకి వెళ్లేసరికి తండ్రి అక్కడే ఉన్నాడు, చెమటలు కక్కుతూ. కొడుకు ఆయనవైపు చూడకుండా కౌంటర్ దగ్గరకెళ్లి, "నాకు సేఫ్టీ రిపోర్టు ఫారం కావాలి" అన్నాడు. ఇన్‌స్ట్రక్టరమ్మ సొరుగులోంచి ఒకటి తీసిచ్చింది.

తేదీ రాశాడు. సమయం రాశాడు. మీ విమానం నంబరు: 618. రెండింటి మధ్య ఎత్తులో తేడా: సున్నా. ఎంత దగ్గరగా వచ్చింది అన్నచోట పెన్ను గట్టిగా నొక్కి, దాదాపు తగిలింది అని రాశాడు.

"అబద్ధపు రిపోర్టు రాయకురా" అన్నాడు తండ్రి తెలుగులో, మెల్లగా. "నీ వెనక ఎవడూ లేడు. నేను చూశాను."

"మీరు కిందున్నారు నాన్నా. నా దగ్గర సాక్ష్యం ఉంది."

తండ్రి ఊరుకున్నాడు. సర్వీసులో ఆయన బస్సు రెండుసార్లు గీసుకుంది. రెండుసార్లూ తప్పు ఎవరిదైతే వాళ్లదే రాశాడు, ఒకసారి తనదే.

"ఎదుటి విమానం నంబరు?" అంది ఇన్‌స్ట్రక్టరమ్మ.

"చూడలేదు. అక్షరాలు చాలా చిన్నవి, నా బొమ్మ కింద పడి నలిగిపోయాయి."

"ఫొటో ఉందన్నావుగా. ఇటివ్వు." ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, రెండు వేళ్లతో బొమ్మని పెద్దది చేసింది. చాలాసేపు చూసింది. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపే చూసిందనిపించింది తండ్రికి. తర్వాత ఒక్కో అంకే చెప్పింది.

"ఆరు."

కుర్రాడు గడిలో రాశాడు.

"ఒకటి."

రాశాడు.

"ఎనిమిది."

ఎనిమిదికి పై సున్నా చుట్టి, కింది సున్నా సగంలో పెన్ను ఆగిపోయింది. పై గడిలో, తన చేతిరాతతోనే, అదే అంకె ఎండిపోయి ఉంది.

ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ టాబ్లెట్‌ని కౌంటర్ మీద వాడివైపు తిప్పి, తెర పై మూలని గోటితో చూపించింది. అక్కడ ఇంకో గడి. 'మీ విమానం' అని ఉంది దాని మీద. బుధవారం ఇచ్చిన నంబరు అలాగే ఉంది.

"అంటే నన్ను..." అన్నాడు కుర్రాడు.

"నిన్ను పరాయివాణ్ణి చేసింది," అందావిడ. "అందులో ఇబ్బంది లేదు. నీ నించి నువ్వు పారిపోతే ఎవరికీ దెబ్బ తగలదు." కళ్లద్దాలు తీసింది. "నేను ఆలోచిస్తున్నది, అది నువ్వనుకుని దాచిపెట్టిన విమానం ఇవాళ ఎక్కడుందా అని."

తలుపు తోసుకుని వరంగలబ్బాయి లోపలికొచ్చాడు, ఒక చేతిలో పెరుగన్నం డబ్బా, ఇంకో చేతిలో తాళాలు.

"అంకుల్, జూసిండ్రా నన్ను? ల్యాండింగులు మస్తు పడ్డయ్ ఇయ్యాల. ఆఖరిది తప్ప. ఎవడో నా మీదికే తిరిగిండు. టవరు మొత్తుకుంటనే ఉన్నది ముందట విమానం ఉన్నదని, వాడేమో ఎవ్వరు లేరంటడు. కండ్లు నెత్తికెక్కినయో ఏమో!"

తాళాలు కౌంటర్ మీద పెట్టాడు. బిళ్ల తిరగబడి పైకి చూసింది. 527.

ఇన్‌స్ట్రక్టరమ్మ ఏమీ అనకుండా సొరుగు తెరిచి ఇంకో ఫారం తీసి వరంగలబ్బాయి ముందు పెట్టింది. వాడు సంబరంగా కూర్చుని రాయడం మొదలెట్టాడు. తేదీ. సమయం. మీ విమానం నంబరు. నాలుగో గడి దగ్గర తలెత్తాడు.

"వాని నంబరు గుర్తులేదు మేడమ్."

మావాడు నేలచూపులు చూస్తున్నాడు. అప్పుడు ఆర్టీసీ డ్రైవరు ఒక అడుగు ముందుకేసి, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషు అంకెల్లోనే చెప్పాడు.

"సిక్స్ వన్ ఎయిట్. రాసుకో బాబూ."